గాలివాన తెల్లారి, చేపల కుంట దగ్గర

ఆదివారం

రాత్రి పన్నెండు దాటాక గాలిదుమారం లేచింది. రోహిణి కార్తెలో వానలు ఇట్లాగే ఉంటాయి, చినుకులు నాలుగే, గాలి మాత్రం రేకులు లేచిపోయేంత. కరెంటు పోయింది. ఇంట్లో అందరికీ ఫ్యాను గురించి బెంగ, నాకు పెరట్లో కుంట గురించి.

పంపు ఆగగానే చేపలకు ఏమీ కాదు. వాటికి గండం తెల్లవారుజామునే. పగలు నీళ్లలోని మొక్కలు, పాచి ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతాయి. చీకటి పడితే అవి కూడా చేపలతో పాటు దాన్నే పీలుస్తాయి. అట్లా తగ్గుతూ తగ్గుతూ పొద్దు పొడిచే ముందుకు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. దానికి తోడు ఎండాకాలం. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దగ్గరే ఆగిపోతాయి. మా వరంగల్ ఎండలకు కుంట నీళ్లు రాత్రి కూడా చల్లబడవు.

నాలుగున్నరకు టార్చి పట్టుకుని వెళ్లాను. అనుకున్నట్టే ఉంది. రంగుల కోయి చేపలు, గోల్డ్ ఫిష్‌లు అన్నీ పైకి వచ్చి మూతులు నీటిపైన పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పెద్ద తెల్ల కోయి ఒక్కటే పంపు నీళ్లు పడే రాయి కింద నిలబడింది, నీళ్లు అక్కడే పడతాయని దానికి అలవాటు. టార్చి వెలుగులో దాని చెంపలు గబగబా కొట్టుకుంటుంటే నా గుండె కూడా అట్లాగే కొట్టుకుంది. బిందెతో నీళ్లు ముంచి, నడుము ఎత్తు నుంచి మళ్లీ కుంటలోకే పోయడం మొదలుపెట్టాను. పోసిన నీళ్లు ఎంత చెదిరితే అంత గాలి కలుస్తుంది. చేతులు నొప్పి పుడితే చిన్నోణ్ని లేపాను. వాడు కళ్లు నలుపుకుంటూనే వచ్చి బకెట్ అందుకున్నాడు. ఇద్దరం మార్చి మార్చి పోస్తుంటే తూర్పున తెల్లబడింది. ఆరింటికల్లా చేపలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. ఒక్కటి కూడా పోలేదు.

కరెంటు ఏడు దాటాక వచ్చింది. వచ్చిన వెంటనే పంపు వేయకూడదు. ఫిల్టర్ డ్రమ్ములో గంటల తరబడి నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, నీళ్లను శుభ్రం చేసే అక్కడి సూక్ష్మజీవులు చచ్చి, నీళ్లు కుళ్లిపోతాయి. పంపు వేస్తే ఆ కుళ్లు నేరుగా చేపల మీదికి వస్తుంది. అందుకే డ్రమ్ము అడుగున ఉన్న వాల్వు తిప్పి ఆ నీళ్లను వంకాయ మొక్కలకు వదిలాను. లోపలి స్పాంజీలను నల్లా కింద కాకుండా కుంట నీళ్లతోనే బకెట్లో పిండాను. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బతికున్న కాసిన్ని జీవులను కూడా అది చంపేస్తుంది.

ఇక నీటి మీద మొత్తం వేపాకు, పూత, పుల్లలు. వీటిని తీయడం బద్ధకించకూడదు. అడుగుకు దిగి కుళ్లితే మళ్లీ ఆక్సిజన్ తినేది అవే. చేతి వలతో తీస్తుంటే తూర్పు గట్టున ఒక రాయి ముందుకు ఒరిగి కనిపించింది. వెనక బొక్క. పందికొక్కు పని. మేస్త్రికి ఫోన్ చేశాను. ఈ కుంట పేర్చింది ఆయనే. వడ్డెర పెద్దాయన, రాయి పని చిన్నప్పటి నుంచీ చేస్తున్నాడు. "పొద్దు ఎక్కకముందే వస్త టీచరమ్మా" అన్నాడు.

మేస్త్రి రాకముందే పరకాల నుంచి చిన్నమ్మ దిగింది, ఆవకాయకు మామిడికాయల సంచితో. చాయ్ తాగి పెరట్లోకి వచ్చి కుంటను చూసి మొకం చిట్లించింది.

"ఏందే బిడ్డా, రాళ్లన్నీ పాచి పట్టినయ్. జర బ్లీచింగ్ పౌడర్ ఏసి బ్రష్ పెట్టి రాకిపియ్యరాదా, తళతళ మెరుస్తయ్."

"వద్దు చిన్నమ్మా, ఆ పాచి మీదనే చేపలు బతుకుతున్నయ్" అన్నాను. ఆమె నమ్మలేదు. నా మంచి కోరే చెప్పిందని తెలుసు. వచ్చినవాళ్లందరూ ఇదే మాట అంటారు కాబట్టి ఈ రోజు దీన్ని ఇక్కడ వివరంగా రాసి పెట్టుకుంటున్నాను.

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల వ్యర్థం చివరికి అమోనియాగా నీళ్లలోకి వస్తుంది, ఎక్కువ భాగం మొప్పల నుంచే. అమోనియా చేపకు విషం. నీళ్లు వేడెక్కిన కొద్దీ, క్షారం పెరిగిన కొద్దీ ఆ విషం ఇంకా ఘాటెక్కుతుంది. దాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో జాతి వచ్చి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంత ఉన్నా చేపకు నష్టం లేదు, కలువ వేళ్లకూ వంకాయ మొక్కలకూ అది మంచి ఎరువు. ఈ జీవులు నీళ్లలో తేలుతూ బతికేది తక్కువ. వాటికి అంటుకోవడానికి చోటు కావాలి. ఫిల్టర్లోని స్పాంజీ ఒక చోటు, రాళ్ల మీది ఆ జారుడు పొర ఇంకో చోటు. కొత్త కుంటలో ఈ బలగం తయారవ్వడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. బ్లీచింగ్ చల్లితే ఒక్క గంటలో పోతుంది. రాళ్లు మెరుస్తాయి, నిజమే. ఆ తర్వాత చేపలు తేలతాయి.

అట్లాగని ప్రతి పచ్చదనమూ మంచిదని అనను. నూలు పోగుల్లా పొడుగ్గా సాగే నాచు వేరు, దాన్ని నేను పుల్లకు చుట్టి తీసేస్తాను. నీళ్లే పచ్చగా మారితే ఎండ ఎక్కువైందనో మేత ఎక్కువైందనో అర్థం. అందుకే సగం నీడ పడేలా కలువలు, అంతర తామర పెంచుతున్నాను. గుర్రపు డెక్కను మాత్రం పెరట్లోకి రానివ్వను. చెరువులను అది ఏం చేస్తుందో ఈ ఊళ్లో చూడనివాళ్లు లేరు.

మేస్త్రి తొమ్మిదింటికి గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. ఒరిగిన రాయి దగ్గర గొంతుక్కూర్చుని ముందు అరచేత్తో దాన్ని అన్నివైపులా తడిమాడు. తర్వాత గడ్డపార మొనతో పక్క రాళ్లను ఒక్కొక్కటీ తట్టి చప్పుడు విన్నాడు. గట్టిగా కూర్చున్న రాయి మొద్దుగా పలికింది, కింద డొల్ల ఉన్నది వేరేగా పలికింది. "ఇది, ఇది, ఇగో ఇది. మూడు తియ్యాలె" అన్నాడు. నేను ఒక్కటే అనుకున్నాను.

తీయడం చూడాల్సిన పని. ఘనపుటడుగు గ్రానైట్ 75 కిలోల దాకా తూగుతుంది. నీళ్లలో మునిగితే అదే రాయి 47 కిలోలే. మేస్త్రి ఆ లెక్క వేయడు, కానీ పెద్ద రాయిని ముందు నీళ్లలోకి జార్చి, అక్కడే తిప్పుకుని, మళ్లీ గట్టుకు ఆనించాడు. రాళ్లు తీశాక షీటు కనిపించింది. ఇద్దరం కిందికి వంగి వేళ్లతో తడుముతూ వెతికాం. పందికొక్కు దాన్ని కొరకలేదు. ఊపిరి పీల్చుకున్నాను. అది పొలాల్లో నీటి కుంటలకు పరిచే 500 మైక్రాన్ల షీటు. దాని కింద ఇసుక, పైన పాత గోనె సంచులు, ఆ పైన రాళ్లు. ఇసుక ఎందుకంటే బరువు ఒక్కచోట పడకుండా సర్దుకుంటుందని. "రామప్ప గుడి కింద గూడ ఇసుకనే పోసిండ్రు" అని మేస్త్రి కుంట కట్టిన రోజుల్లోనే అన్నాడు. ఆ మాట సరైనదే. 1213 నాటి ఆ గుడి పునాది గోతుల్లో ఇసుక నింపి కట్టారు. అంత బరువు గుడి ఇన్ని వందల ఏళ్లు నిలబడిందంటే, నా పెరట్లోని పదడుగుల కుంటకు ఆ పాటి జాగ్రత్త ఎక్కువేమీ కాదు.

బొక్కలో మొరం పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాడు. మళ్లీ పోసి మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత రాయికి "మొకం" చూసి, దాన్ని వెనక్కి వాల్చి, కింద రెండు రాళ్ల మీద ఆనేటట్టు కూర్చోబెట్టాడు. ఒక్క రాయి మీద ఒక్క రాయి పెట్టడు, ఎప్పుడూ కిందివాటి అతుకు మీదే పెడతాడు. సందుల్లో సన్న రాతి చిప్పలు దిగ్గొట్టాడు. మా చెరువు కట్టలకు లోపలివైపు పేర్చిన రాళ్లను ఒకసారి దగ్గరి నుంచి చూస్తే ఇదే పద్ధతి కనిపిస్తుంది, అన్నీ వెనక్కి వాలి ఉంటాయి. పని అయ్యాక దాని మీదికి ఎక్కి నిలబడి నన్ను చూశాడు. రాయి కదల్లేదు.

ఈ రాళ్లు మా అమ్మగారింటి బునాదివి. అన్నయ్యవాళ్లు పాత గూనపెంకుటిల్లు కూల్చి స్లాబు ఇల్లు వేసుకున్నప్పుడు ఈ రాళ్లను రోడ్డు పక్క గుంతలో పోస్తామంటే ట్రాక్టర్ పెట్టి తెప్పించుకున్నాను. బాపు ఆ గోడకు ఆనుకునే పేపర్ చదివేవాడు. అన్నీ బూడిదరంగు గ్రానైట్. కుంటకు గ్రానైట్ మంచిది, నీళ్లలో ఏమీ కరగదు. కానీ వాటికి డంగుసున్నం అంటుకుని ఉండింది. సున్నం నీళ్లలో కలిస్తే క్షారం పెరుగుతుంది కాబట్టి ఉలితో, తీగ బ్రష్‌తో ఒక్కో రాయినీ గీకాం. చేపలు వేయకముందు రాళ్లను రాకాలి, వేశాక ముట్టకూడదు. చిన్నమ్మకు ఈ తేడా చెప్పడమే కష్టమైంది.

గట్టు పైన పరచడానికి ఇంట్లో మిగిలిన తాండూరు బండలు వాడుకోమని మా ఆయన అప్పుడు అన్నాడు. అవి సున్నపురాయి జాతి, షాబాదు బండలూ అంతే. అనుమానంగా ఉన్న రాయి మీద నిమ్మకాయ పిండి చూస్తే, సున్నపురాయి అయితే సన్నగా నురగ వస్తుంది. అంత గట్టిగా రాకపోయినా దగ్గరగా పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ బండలు ఇప్పుడు బావి గచ్చు దగ్గర ఉన్నాయి, అక్కడ బాగున్నాయి.

మేస్త్రికి చిన్నమ్మే అన్నం పెట్టింది, కొత్త మామిడికాయ తురుము పచ్చడితో. తింటూ ఆయనే ఆమెకు చెప్పాడు, "అవ్వా, చెరువుల రాళ్లను ఎవలన్న తోముతరా? చేపలు బతుకుతలేవా?" నేను అంతసేపు చెప్పిన అమోనియా కథ ఎక్కలేదు కానీ ఈ మాట ఎక్కింది. "నిజమే పో" అంది. నాకు కోపం రాలేదు, సంతోషమే అయింది. ఎవరు చెప్తే ఏముంది, బ్రష్ పక్కన పెట్టింది.

మధ్యాహ్నం ఎండకు గట్టు మీద కాలు పెట్టలేకపోయాం. కుంట మీద పచ్చ వల లాగాను.

సాయంత్రం నీళ్లు చూస్తే వేలు మందం తగ్గాయి. మా కుంటకు అది కొన్ని బిందెల నీళ్లు. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని ఉప్పులు అక్కడే ఉండిపోతాయి. కాబట్టి తగ్గినంత పోసుకుంటూ పోతే చాలదు, వారానికి ఒకసారి పదో వంతు తీసి కొత్తవి కలపాలి. ఈ రోజు అదీ చేశాను. నిన్నటి నుంచి డ్రమ్ముల్లో మూత లేకుండా ఎండలో ఉంచిన నల్లా నీళ్లు పోశాను. బోరు నీళ్లయితే పై నుంచి ధారగా చెదరగొట్టి పోయాలి, భూమి లోపలి నుంచి వచ్చే ఆ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ.

పొద్దున మేత వేయలేదు. ఊపిరాడని చేపకు మేత వేస్తే అరిగించుకోవడానికి ఇంకా ఆక్సిజన్ కావాలి. సాయంత్రం ఆరింటికి కొంచెమే వేశాను, రెండు నిమిషాల్లో అయిపోయేంత. తెల్లదే ముందు వచ్చింది. గప్పీలు మాత్రం రాళ్ల సందుల్లో వాటి పని అవి చేసుకుంటున్నాయి. అవి ఉన్నన్నాళ్లూ ఈ కుంటలో దోమపిల్ల కనిపించదు.

మళ్లీ కరెంటు పోతే బిందెలతో తెల్లారేదాకా పోయలేం. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొనాలి, చిన్నోడు ఫోన్లో ధరలు చూస్తున్నాడు. పందికొక్కు బొక్క బయటి వైపు ఇంకా తెరిచే ఉంది, దాంట్లో గాజుపెంకులు కలిపిన మొరం కొట్టిస్తానని మేస్త్రి అన్నాడు, బుధవారం వస్తాడు. మిర్గం (మృగశిర కార్తె) వచ్చేలోపు, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మత్తడి పైపు నోటికి జాలి బిగించాలి. పెద్ద వాన పడితే చేపపిల్లలు నీళ్లతో పాటు కాలవలోకి పోతాయి. పాత జాలి తుప్పు పట్టింది, ఈసారి నైలాన్‌ది తేవాలి.