గేట్ రెండో ప్రయత్నం: నాయన షెడ్డు మన్ను నేర్పిన జియోటెక్

గేట్ (ఇంజనీరింగ్ అయ్యాక ఎంటెక్ సీట్లకు రాసే పరీక్ష) సివిల్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. స్కోర్ కార్డ్ ఇప్పటికీ తెరిచి తెరిచి చూసుకుంటున్నా. అందరూ టైమ్‌టేబుల్ అడుగుతున్నారు. నేను మాత్రం మన్ను గురించే చెప్తా.

మాది తాడిపత్రి. ఫైనలియర్లో రాసిన మొదటి గేట్‌లో క్వాలిఫై కూడా కాలేదు. దెబ్బ కొట్టింది జియోటెకే, అంటే మట్టి గురించిన సబ్జెక్టే. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, ప్రశ్న కొంచెం తిప్పి అడిగేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ తర్వాత ప్రాజెక్టు. నాయనది లారీ మెకానిక్ షెడ్డు. ఏళ్ల తరబడి పార్టులు డీజిల్‌తో కడిగి, ఇంజనాయిల్ ఒలికి అక్కడి నల్లరేగడి జిడ్డుకట్టింది. దాన్ని సిమెంటుతో గట్టిపరిచి రోడ్డు కింద వాడొచ్చా అన్నది మా టాపిక్. "ఏమిరా, పారబోసే మన్ను సంచికెత్తుకుంటాండావ్?" అన్నాడు నాయన.

నీళ్లు ఎంత కలిపానో నాకు తెలుసు. 105 డిగ్రీల ఓవెన్లో 24 గంటలు పెట్టి తూస్తే అంతకంటే ఎక్కువ బరువు తగ్గింది. మట్టిలో ముందే ఉన్న తేమ కలుపుకున్నా లెక్క తేలలేదు. మళ్లీ చేశా, అంతే. మూడోసారి ఓవెన్ తలుపు తీయగానే గుప్పున డీజిల్ వాసన! తగ్గిన బరువంతా నీళ్లేనని ఫార్ములా అనుకుంటుంది. ఇక్కడ డీజిల్ కూడా ఆవిరైంది, ఆవిరి కాని నూనె మట్టి బరువులో కలిసిపోయింది. వాటర్ కంటెంట్ (పొడి మట్టి బరువుతో పోలిస్తే నీళ్ల బరువు) తప్పితే డ్రై డెన్సిటీ (పొడి మట్టి సాంద్రత) తప్పు, వాయిడ్ రేషియో (మట్టి రేణువులతో పోలిస్తే ఖాళీల పరిమాణం) తప్పు. ఆ సాయంత్రం మొదటి చాప్టర్ మళ్లీ తెరిచి ప్రతి నిర్వచనం దగ్గరా "దేని బరువు?" అని అడుగుతూ చదివా. నా గేట్ అక్కడే మారింది.

నూనె పొర రేణువుల్ని చుట్టేసి సిమెంటుకు నీళ్లు సరిగా అందనివ్వదు, అందుకే మామూలు మట్టికంటే సిమెంటు ఎక్కువ పట్టింది. సీబీఆర్ (రోడ్డు కింది మట్టి బలం చూసే పరీక్ష) అచ్చుల్ని 4 రోజులు నానబెడితే, సిమెంటు కలపని దాని తొట్టిలో నీళ్లమీద రంగుల పొర తేలింది. బలం ఒక్కటే చూస్తే చాలదు, నూనె నీళ్లలోకి దిగకూడదు. సీబీఆర్‌లో ప్లంజర్ అనే ఇనుప కడ్డీ 2.5 మి.మీ. దిగడానికి ప్రామాణిక బరువు 1370 కిలోలు, 5 మి.మీ.కు 2055 అన్నవి అంతకుముందు బట్టీ. ప్లంజర్ దిగడం కళ్లారా చూశాక మరి మర్చిపోలేదు.

మిగతావి మామూలే. పాత పేపర్లు, రోజూ గంట ఆప్టిట్యూడ్, డిసెంబరు నుంచి టెస్టులు. ఎన్ఏటీకి (జవాబు అంకె మనమే రాసే ప్రశ్నలకు) నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ వదలొద్దు.

హైదరాబాద్ కోచింగ్‌కు పోలేదని, ఏడాది ఖాళీగా కూర్చున్నానని అన్నారు. ఐదింటికి లేచి, ఫోన్ నాయన గల్లాపెట్టెలో పెట్టి చదివినవాణ్ని ఖాళీగా ఉన్నాడంటే ఒప్పుకోను. ఫోన్ వదల్లేనివాళ్లు సిలబస్ పెద్దదని అనొద్దు.

నిన్న నాయన ఆ మన్నే సిమెంటు కలిపి బోరు పక్కన పరుద్దామన్నాడు. బోరు దగ్గర వద్దన్నా. లారీలు తిరిగే చోటికైతే, ముందు నానబెట్టి నీళ్లలోకి నూనె ఎంత దిగుతుందో పరీక్ష చేయించి చెప్తానన్నా.