పాలమూరు గల్లీలోకి కాంక్రీట్ పంపు

పాలమూరు కూలి ఎక్కువగా పట్టింది బొంబాయి, పుణె దారే. అయినా దుబాయ్, దోహా, రియాద్ సైట్లలో షట్టరింగ్ కార్పెంటర్లుగా, మేసన్లుగా, పంపు హెల్పర్లుగా మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లు ఉన్నారు. అక్కడ సంపాదించిన పైసలతో ఊళ్లో ఇల్లు మొదలుపెడితే, స్లాబు దగ్గరికొచ్చేసరికి ఫోన్లో చెప్పే మాట ఒకటే: "మిల్లరు, తట్టలు వద్దు, పంపు పెట్టించండి."

మాట మంచిదే. చిక్కెక్కడంటే, గల్ఫ్ సైటులో పంపు ఒంటరిగా రాదు. బండి కాళ్ల కింద నేల గట్టిదా కాదా చూసేవాడొకడు, కాంక్రీట్ చీటీ మీద టైము చదివేవాడొకడు, కాంక్రీట్ ఎంత జారుగా ఉందో కొలిచే స్లంప్ కోను పట్టేవాడొకడు, థర్మామీటరు గుచ్చేవాడొకడు, బలం పరీక్షకు క్యూబులు నింపేవాడొకడు. ప్రతి దానికీ ఒక సంతకం. జడ్చర్లలోనో, దేవరకొండలోనో గల్లీలోకి పంపు వచ్చినప్పుడు ఇంతమంది చేసే పని మొత్తం అక్కడ నిలబడ్డ నాయిన మీదో, బామ్మర్ది మీదో పడుతుంది. వాళ్లకు ముందే చెప్పి ఉంచాల్సిన సంగతులు ఇవి.

ముందు గల్లీ కొలవండి. బూమ్ పంపు అంటే బండి మీద మడతల చెయ్యిలా లేచే పైపు ఉన్న పంపు, మన దగ్గర బూమ్ ప్లేసర్ అంటారు. మామూలుగా తిరిగే పెద్ద బండి కాళ్లు చాపితే ఆరు మీటర్ల దాకా వెడల్పు తింటుంది. 15 అడుగుల గల్లీలో అది కాళ్లు చాపలేదు, చాపకుండా చెయ్యి ఎత్తనివ్వకూడదు. ఒక పక్క కాళ్లు చాపి రెండో పక్క ముడిచి పని కానిచ్చే ఆపరేటర్లుంటారు, వద్దనండి. కాలి కింద చెక్క దిమ్మెలో, స్టీలు ప్లేట్లో ఉండాలి. సంపు గుంత, సెప్టిక్ ట్యాంకు, కొత్తగా పూడ్చిన డ్రైనేజీ పక్కన కాలు పెట్టనివ్వొద్దు. గుంత ఎంత లోతో కనీసం అంత దూరం జరగాలి. ఇక కరెంటు తీగలు: బూమ్ కొసకు, దాని నుంచి వేలాడే రబ్బరు గొట్టం ఊపుకు కలిపి ఆరు మీటర్లు వదలాలి. అంత ఎడం లేకపోతే సబ్‌స్టేషన్‌లో చెప్పి ఎల్‌సీ, అంటే కరెంటు ఆపించే లైన్ క్లియర్, తీసుకోవాలి, లేదంటే బూమ్ ఆలోచనే మానుకోవాలి.

మన ఊళ్లలో చాలా ఇళ్లకు సరిపోయేది లైన్ పంపే. రోడ్డు మీద నిలబడుతుంది, 125 మిల్లీమీటర్ల పైపులు మూడేసి మీటర్లవి బిగించుకుంటూ స్లాబు దాకా తెస్తారు. అయితే రెడీమిక్స్ బండి పంపు దాకా రావాలి. ఆరు క్యూబిక్ మీటర్ల లోడుతో ఆ బండి 25 టన్నుల దాకా తూగుతుంది. గల్లీ మలుపులో మోరీ మీద బండలుంటే ముందే చూసుకోండి.

కొలత లెక్క ఇలా. 1200 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం అంటే 14 క్యూబిక్ మీటర్లు. బీములతో కలిపి 17 నుంచి 18. పైపులో మిగిలేది దీనికి అదనం: 60 మీటర్ల లైనులోనే ముప్పావు క్యూబిక్ మీటరు ఉండిపోతుంది. కాబట్టి మూడు బండ్లు, ఇంకొంచెం. ఆఖరి బండిలో ఎంత నింపాలో ముందే ఖాయం చేయకండి. అంతకుముందు బండి సగం దిగాక ఖాళీగా ఉన్న జాగాను టేపుతో కొలిచి ప్లాంటుకు ఫోన్ చేస్తే సరిగ్గా కుదురుతుంది. అన్ని బండ్లూ ఒకేసారి వచ్చి వరుసలో నిలబడితే ఎండకు మూడోది బిగుసుకుంటుంది. నీళ్లు కలిసిన టైము నుంచి గంటన్నర, మహా అయితే రెండు గంటల్లో దించేయాలి. ఆ టైము చీటీ మీద ఉంటుంది, అడిగి చూడండి. ప్లాంటు అంత దగ్గర్లో లేని ఊరైతే సరుకు తానే ఎత్తుకుని కలిపే సెల్ఫ్ లోడింగ్ మిక్సరును పంపు పక్కన పెట్టుకోవడం నయం. మామూలు ఒక బస్తా మిల్లరుతో పంపును మేపాలనుకోవద్దు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో ఒక బస్తాకు క్యూబిక్ మీటరులో ఎనిమిదో వంతే వస్తుంది. కాంక్రీట్ పోసే పంపు తొట్టి, అదే హాపరు, ఖాళీ అయి గాలి పీల్చుకుంటుంది.

కిరాయి మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే అడిగి ఊరుకోకండి. కనీస చార్జీ ఎన్ని క్యూబిక్ మీటర్లకు, ఎన్ని మీటర్ల పైపు అందులో కలిసి ఉంది, హెల్పర్లు ఎందరు, పైపులు మోసేదెవరు, పంపు చెడిపోతే మారు పంపు ఎంతసేపట్లో వస్తుంది, జీఎస్టీ లోపలా బయటా. అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. స్లాబు మధ్యలో బేరమాడే బలం మీకుండదు.

పైపు లైను వేసే తీరులోనే సగం పని ఉంది. వంపులు ఎంత తగ్గితే అంత మంచిది. జాయింటు జాయింటుకూ రబ్బరు వాషరు ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి. వాషరు లేని చోట సిమెంటు పాలు కారిపోతాయి, వెనక కంకర ఒట్టిదై గడ్డకట్టి లైను మూసుకుంటుంది. పైకెళ్లే పైపును సెంట్రింగ్ కట్టెలకు కట్టడం మన దగ్గర పెద్ద తప్పు. మూడు మీటర్ల పైపులో కాంక్రీటే 90 కిలోల దాకా ఉంటుంది, పంపు కొట్టే ప్రతి దెబ్బకూ అది ముందుకు వెనక్కు ఊగుతుంది. అరగంటలో జాకీల కింద చీలలు జారిపోతాయి. పైపును ఇదివరకే లేచిన గోడకో, విడిగా పాతిన గుంజకో కట్టాలి. స్లాబు మీద పైపు కింద పాత టైర్లు పెడితే స్టీలు కదలదు, స్టీలు కింద పెట్టిన కవర్ బ్లాకులు పగలవు. ఎండాకాలంలో పైపుల మీద తడిపిన గోనె సంచులు కప్పాలి. గల్ఫ్‌లో ఇది చెప్పకుండానే చేస్తారు, ఇక్కడ అడిగితే నవ్వుతారు. నవ్వనీయండి.

మొదట సిమెంటు పాలు తోలి పైపు లోపలంతా తడుపుతారు. పొడి పైపులోకి నేరుగా కాంక్రీట్ వదిలితే మొదటి వంపులోనే పట్టేస్తుంది. ఆ పాలు కొసకు వచ్చాక స్లాబులోనో, పిల్లర్ మొదట్లోనో పోయడం ఇక్కడ మామూలు. కంకర లేని ఆ ముద్దకు బలం ఉండదు. తట్టలో పట్టి బయట పోయించండి. అదే సమయంలో గొట్టం కొస దగ్గర ఎవరూ ఉండకూడదు. పైపులో గాలి ఉంటే మొదటి దెబ్బకు గొట్టం పాములా లేచి కొడుతుంది. గల్ఫ్‌లో పంపు మొదలైనప్పుడూ, లైను పట్టి మళ్లీ తెరిచినప్పుడూ గొట్టం పొడవంత దూరం అందరినీ జరుపుతారు. ఆ అలవాటు మాత్రం ఊరికి తప్పక తేవాలి.

నీళ్ల సంగతి. పంపుకు కాంక్రీట్ కాస్త జారుగానే ఉండాలి, 100 నుంచి 150 మిల్లీమీటర్ల స్లంప్. అది ప్లాంటులో రసాయన మందు (అడ్‌మిక్స్చర్) కలిపి తెచ్చే జారుతనం. గల్లీలో డ్రైవరు పైపుతో తెచ్చేది కాదు. క్యూబిక్ మీటరుకు 320 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీళ్లున్న మిక్సులో సిమెంటుతో పోలిస్తే నీటి పాలు 0.5. ఆరు క్యూబిక్ మీటర్ల బండిలో ఆరు బకెట్లు, అంటే 120 లీటర్లు పోస్తే అది 0.56 దాటుతుంది. కాంక్రీటుకు మన దేశపు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఎం20 గ్రేడుకు మామూలు వాతావరణంలోనే హద్దు 0.55. మీరు కొన్నది అంతకంటే గట్టి ఎం25, పోసింది ఏమిటో దేవుడికెరుక. మేస్త్రి "పల్చగా ఉంటే పని నడుస్తది" అంటాడు, నడుస్తది కూడా. అందుకే క్యూబులు తీయించండి. 16 నుంచి 30 క్యూబిక్ మీటర్లకు ఆ కోడ్ అడిగేది మూడు శాంపిళ్లు, శాంపిలుకు మూడేసి క్యూబులు, 28 రోజులకు పరీక్ష. క్యూబు డబ్బాలు సైటులో కనిపిస్తేనే డ్రైవరు చెయ్యి వాల్వు మీద నుంచి కొంచెం వెనక్కి వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం కుప్ప. తట్టలతో పోసినప్పుడు కాంక్రీట్ తానే పలచగా పరుచుకుంటుంది. పంపు అలా కాదు, గొట్టం పట్టినవాడు రెండు నిమిషాలు ఆదమరిస్తే మోకాలెత్తు గుట్ట లేస్తుంది. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు. అర మీటరు కుప్ప అదే జాగాలో 1200 కిలోలు. మన సెంట్రింగ్ చూస్తే సర్వి బాదులు, కింద ఇటుక ముక్కలు, అడ్డపట్టీ ఎక్కడో ఒకటి. నాలుగింతల బరువుకు అది నిలబడదు. పంపు పెట్టించాలనుకుంటే ఇనుప జాకీలు, వాటికి రెండు దిక్కులా అడ్డపట్టీలు ముందు పెట్టించాలి. గొట్టం పట్టేవాడు కదులుతూనే ఉండాలి, వెనక నలుగురు పారలతో లాగాలి, రెండు వైబ్రేటర్లు ఉండాలి, ఒకటి చెడిపోతుంది కాబట్టి. కింద సెంట్రింగ్ మేస్త్రి టార్చిలైటుతో తిరుగుతుండాలి. స్లాబు మీద ఫొటోలు దిగడానికి మాత్రం ఆయన్ను పైకి పిలవకండి. పిల్లర్లు కూడా ఒక్క ఊపున నింపొద్దు, మీటరుకు ఆగి వైబ్రేటరు పెట్టి మళ్లీ ఎత్తాలి.

లైను పడితే పంపు శబ్దం మారుతుంది, ప్రెషరు ముల్లు ఎగురుతుంది. ఆపరేటరు వెంటనే రివర్సు కొట్టి వెనక్కి లాగాలి, ముందుకు బలవంతం చేయకూడదు. రెండు మూడుసార్లకూ రాకపోతే సుత్తితో తడుతూ వెతుకుతారు. ఎక్కడ మొద్దు శబ్దం వస్తే అక్కడ పట్టింది. చాలావరకు వంపు దగ్గరో, పైపు సన్నబడే రెడ్యూసర్ దగ్గరో దొరుకుతుంది. ప్రెషరు తీయకుండా క్లాంపు విప్పితే రాయి తుపాకీ గుండులా వస్తుంది. హెల్పరు పోరడు తొందరపడితే ఆపాల్సింది మీరే. పంపే నిలిచిపోయి పని ఆపాల్సి వస్తే బీము మీద ఆపకండి. గది మధ్యలో, మూడు వంతుల్లో నడిమి వంతులో, నిటారుగా చెక్క అడ్డం పెట్టి ఆపాలి.

ఆఖర్న హాపరులో, పైపులో మిగిలే కాంక్రీటుకు తావు ముందే చూసుకోండి. సంపు మూతకో, గేటు గడపకో పెట్టె కట్టి ఉంచితే అందులో పోసుకోవచ్చు. పంపు కడిగిన నీళ్లను మోరీలోకి వదిలితే పది రోజుల్లో మోరీ రాయవుతుంది. చిన్న గుంత తవ్వించండి.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు స్లాబు రోజుకు దిగేలా టికెట్ చేసుకుంటారు. ఎండాకాలమైతే పని తెల్లవారుజామున అయిదింటికే మొదలుపెట్టాలి. తడి కట్టాల్సింది మన ఎండకు కనీసం 10 రోజులు, ఇప్పుడు దొరికే పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుకు 14. జాకీలు ఉంచాల్సింది, ఆధారం నుంచి ఆధారానికి 4.5 మీటర్ల లోపు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14, ఆరు మీటర్ల దాకా బీముకు 14, దాటితే 21. ఇవి బూడిద కలపని మామూలు ఓపీసీ సిమెంటు లెక్కలు, పీపీసీకి ఇంకా ఆగాలి. సెంట్రింగ్ సామాను ఇంకో ఇంటికి కావాలని మేస్త్రి తొమ్మిదో రోజున వస్తాడు. నెల సెలవు ఉన్నవాళ్లు స్లాబును మొదటి వారంలోనే పెట్టుకుంటే ఆ రోజుకు సైటులో ఉంటారు.