ఎర్ర మూత, నారింజ మూత

ఇన్సులిన్ ఎక్కువై నా ప్రాణం మీదికి వచ్చిన ఆ రాత్రి గడిచి మూడేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ దాని గురించి రాయబోతే కోపమే ముందుకు వచ్చేది. ఇప్పటికీ కోపం పూర్తిగా పోలేదు కాని, జరిగింది జరిగినట్టు చెప్పగలిగేంత నిదానం వచ్చింది.

ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 మధుమేహం నాకు బయటపడేనాటికి 29 ఏళ్ళు. విశాఖపట్నంలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో యాప్‌ల రూపకల్పన చేసేదాన్ని. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే గ్యాస్ట్రిక్ సమస్య అనుకుని వారం రోజులు మాత్రలు మింగాను. చివరికి రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ఐసీయూలో చేరాను. అక్కడి సెలైన్లు, పరీక్షలు అందరికీ తెలిసినవే. బతికి బయటపడి, ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒడిశాలోని గజపతి జిల్లాలో మా ఊరైన పర్లాకిమిడికి అమ్మ దగ్గరకు వచ్చేశాను. మాకు ఇటు ఒడియా, అటు పాతపట్నం నుంచే ఆంధ్ర. ఇంట్లో మాత్రం తెలుగే.

మొదటి ఏడాది నేను వాడిన ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది. దానికి ఎర్ర మూత సిరంజిలు. తర్వాత డాక్టరుగారు రాత్రిపూట వేసుకోవడానికి గ్లార్జిన్ అనే దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ రాసి, "14 యూనిట్లు" అని చెప్పి, తరువాతి రోగిని పిలిచారు. మందుల దుకాణంలో సీసా ఇచ్చారు, సిరంజి కావాలా అని అడగలేదు. ఇంట్లో ఎర్ర మూతవి డబ్బా నిండా ఉన్నాయి కాబట్టి నేనూ అడగలేదు. ఆ కొత్త సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయనీ, దానికి నారింజ మూత సిరంజి వాడాలనీ, ఎర్ర మూత సిరంజిలో 14 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 14 కాదు, 35 యూనిట్లనీ నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి రోజు తెల్లవారుజామున నీరసంగా అనిపిస్తే, రాత్రి సరిగా తినలేదేమో అనుకున్నాను. రెండో రాత్రి ఇంత అన్నం, కాస్త పప్పు తిని, అదే సిరంజితో అదే గీత దాకా మందు లాగి వేసుకుని పడుకున్నాను. రెండున్నర ప్రాంతంలో మెలకువ వచ్చేసరికి దుప్పటి తడిసి ముద్దయింది. ఎదురుగా గోడ మీద క్యాలెండరు కనిపిస్తోంది కాని, దానిని ఏమంటారో గుర్తు రావడం లేదు. అమ్మను పిలవాలని తెలుస్తోంది కాని "అమ్మ" అనే మాట ఎలా మొదలవుతుందో తెలియడం లేదు. చేతికి తగిలిన స్టీలు గ్లాసును కింద పడేశాను. ఆ ఒక్క చప్పుడే ఆ రాత్రి నన్ను కాపాడిందని నా నమ్మకం.

"ఏటమ్మా, ఏటైందే నీకు? మాటాడవేటి?" అంటూ అమ్మ వచ్చింది. ముందు గాలి సోకిందనుకుని దేవుడి దగ్గర విభూతి తెచ్చి నుదుట రాసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, బెల్లం నలిపి నీళ్ళలో కలిపి, నేను మింగుతున్నానో లేదో చూస్తూ కొంచెం కొంచెంగా పట్టించింది. తమ్ముడు పక్కింటివారి ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో వేలిని గుచ్చి చూస్తే చక్కెర 38 ఉంది. 70 కంటే తగ్గినా ప్రమాదమేనని ఈ జబ్బున్న వాళ్ళకు మొదట నేర్పాలి. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక నాకు లోకం మళ్ళీ పేర్లతో సహా తిరిగి వచ్చింది.

అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు నా సిరంజిని వెలుగులో తిప్పి చూసి, "చదువుకున్న అమ్మాయివి, ఈపాటి చూసుకోలేవా?" అన్నారు. ప్రాణం నిలబెట్టినవారే ఆయన. ఆ చేతులకు నేను ఎప్పటికీ నమస్కరిస్తాను. కాని ఆ మాటను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి తొలిసారి ఇన్సులిన్ వేశారు. అది జరిగి నూరేళ్ళు దాటాక కూడా, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలుస్తున్నాయా అని అడిగే మనిషి ఒక్కరూ నాకు తారసపడకపోతే, ఆ తప్పు చదువుకున్న అమ్మాయి ఒక్కదానిదేనా?

అడిగిన మనిషి తెల్లవారాక దొరికాడు. పక్క మంచం మీదున్న తన తల్లికి తోడుగా వచ్చిన కాశీనగర్ కిరాణా వ్యాపారి ఒకాయన, "అమ్మా, నీ సూది మూత ఎర్రదా, నారింజదా? సీసా మీద నలబయ్యుందా, వందుందా?" అని అడిగారు. ఆయనకు 12వ ఏట నుంచి ఇదే జబ్బు. ఎర్రకి నలభై, నారింజకి వంద అని ఒక్క నిమిషంలో చెప్పేశారు. రోజూ ఒకేచోట పొడిస్తే చర్మం కింద గడ్డలు కట్టి మందు సరిగా ఎక్కదని, ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో దాచుకోవచ్చని, చోడి (రాగి) అంబలి తాగిన పూట చక్కెర ఎలా కదులుతుందో చీటీ మీద రాసుకోమని కూడా చెప్పారు. ఏ డాక్టరూ నాకు ఇంత సమయం ఇవ్వలేదు. ఆయనను నేను బాబాయి అని పిలవడం ఆ ఉదయమే మొదలైంది.

ఆ నిమిషం మిగతావారికి కూడా అందాలనే కోరికతోనే, కోలుకున్నాక నాకు తెలిసిన పనికి కూర్చున్నాను. తమ్ముడు కోడ్ రాస్తాడు, నేను రూపకల్పన చేస్తాను. దీర్ఘవ్యాధులున్నవారు ఒకరికొకరు తోడుండే యాప్ అది. మొదటి నమూనాను ఎంతో ముచ్చటగా చేసి బాబాయికి చూపిస్తే, ఆయన ఫోను తిరిగి నా చేతిలో పెట్టి, "నాకు తెలుగు సదవడం రాదమ్మా" అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక, మా వైపు ఎన్నో ఇళ్ళలో మాట తెలుగులోనూ, బడిచదువు ఒడియాలోనూ సాగింది. ఇదే ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉంటూ, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడారు. ఆ వైపువారే చదవలేని తెలుగును నేను తెరమీద పెట్టాను. ఆ రోజు సిగ్గుతో రాత్రంతా నిద్రపోలేదు.

అందుచేత ఇప్పుడు అందులో రాత కంటే గొంతు ముఖ్యం. ప్రశ్నను మాట్లాడి పంపవచ్చు, జవాబును వినవచ్చు. సిగ్నలు సరిగా లేని ఏజెన్సీ ఊళ్ళలో కూడా అందేలా ధ్వని ముక్కలను చిన్నవిగా కుదించాము. కొత్తగా జబ్బు తెలిసినవారిని, అదే జబ్బుతో ఐదేళ్ళు దాటినవారితో కలుపుతాము. ఫోను ఇంటిల్లిపాదిదీ కావడం, పెళ్ళికాని ఆడపిల్లలు జబ్బు సంగతి బయటపడుతుందని వణికిపోవడం నాకు తెలుసు కాబట్టి, సొంత పేరు అడగము, ఫోను తెర మీద జబ్బు పేరు కనిపించనివ్వము. ఎవరూ ఎవరికీ మందు మోతాదు చెప్పకూడదు; తమ అనుభవం చెప్పవచ్చు, మార్పు మాత్రం డాక్టరే చేయాలి. ఇన్సులిన్ మానేసి కషాయం తాగమనే సందేశాన్ని వెంటనే తీసేస్తాము. టైప్ 1 ఉన్నవారు ఇన్సులిన్ మానితే కొద్దిరోజుల్లోనే నేను వెళ్ళిన ఐసీయూకే వెళతారు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

ఎర్ర బొత్తాం ఒకటి ఉంది. దానిని నొక్కితే అమ్మ గొంతు వినిపిస్తుంది: మెలకువ ఉండి మింగగలిగితే మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి, పావుగంటకు మళ్ళీ చక్కెర చూడండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. అది రికార్డు చేసేటప్పుడు అమ్మ మూడుసార్లు ఏడ్చింది. నాలుగోసారి చెప్పింది.

అమ్మ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్" అంటారు కదా. మొక్కు తీర్చడానికి వెళ్ళిన రోజు నా సంచిలో పంచదార పొట్లం, నారింజ మూత సిరంజి ఉన్నాయి. స్వామిని నమ్ముతాను, సీసా మీది అంకెను కూడా ప్రతి రాత్రీ చదువుతాను. ఈ జబ్బున్నవారు మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఈ రోజే ఆ డబ్బా తీసి మూత రంగు చూడండి.

ప్రస్తుతం మేము గునుపూరు, రాయగడ, బరంపురం వైపువారితో కలిపి 43 మందిమి. రాత్రి వంతులు వేసుకున్నాము. ఎవరి గొంతు వచ్చినా వినడానికి ఒకరు మేలుకుని ఉంటారు. రెండు నుంచి ఐదు వరకు బాబాయి తీసుకుంటున్నారు కాని, ఆయన కళ్ళు కూడా ఈ మధ్య దెబ్బతిన్నాయి. వారంలో మూడు రాత్రులు ఆ వేళను నేను తీసుకున్నాను. మిగిలిన నాలుగింటికి ఇంకా మనుషులను వెతుకుతున్నాము.