యానిమేషన్ సీటుకు ముందు బొమ్మ మీద చెయ్యి తిరగాలి: పాలమూరులో నా ప్రిపరేషన్

యానిమేషన్‌లో చేరాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" ఇంటర్ అయ్యేదాకా ల్యాప్‌టాప్ లేకపోయినా ఏం కాదు. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరాక ఎలాగూ నేర్చుకుంటారు. పెన్సిల్ మీద చెయ్యి మాత్రం ఇప్పుడే తిరగాలి.

హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లో ఉన్న జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఎంట్రన్స్‌లో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. అంటే ఒక సన్నివేశం చెప్తారు, ఎదురుగా ఏమీ లేకుండా గీయాలి. అహ్మదాబాద్ ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ కావాలంటే ప్రిలిమ్స్ దాటాలి, ఆ తర్వాత మెయిన్స్ ఉంటుంది. మన జిల్లాల్లో బొమ్మలు బాగా వేస్తారని పేరున్న పిల్లలు ఎక్కువగా గళ్లు కొట్టి హీరోల ఫొటోలు దించుతుంటారు. దానివల్ల ఓపిక, షేడింగ్ వస్తాయి, కాదనను. కానీ ఫొటోలో కదలిక ఉండదు. యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే నిలిచిన చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా, ఒక్క సెకనుకే 12 బొమ్మలు కావాలి. ప్రతి బొమ్మలోనూ ఆ మనిషి బరువు ఎటు పడుతోందో కనిపించాలి. అందుకే నా ప్రాక్టీసంతా కదిలే వాటి మీదే పెట్టుకున్నాను.

మా దగ్గర వారం వారం అంగడి అవుతుంది. అంతకంటే మంచి డ్రాయింగ్ క్లాస్ నాకు దొరకలేదు. మేక పడుకున్న చోటు నుంచి ఎలా లేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ముందు మోకాళ్ల మీద ఆనుకుని, మొదట వెనక భాగాన్ని లేపుతుంది. ఆ తర్వాతే ముందు కాళ్లు నిలబెడుతుంది. ఆవు, బర్రె కూడా అంతే. గుర్రం అలా కాదు, ముందు కాళ్లు చాపి ముందు భాగం లేపుతుంది. ఇది ఒక్కసారి కళ్లారా చూసి గీసినవాళ్లు పరీక్షలో సంత గీయమంటే తడబడరు. మేక మన కోసం ఆగదు కాబట్టి కొమ్ములు, వెంట్రుకలు వదిలేసి ముందు వెన్ను గీత పట్టుకోవాలి. ఈ రకం గీతలకు ముప్పై సెకన్లు చాలు. దీన్నే జెశ్చర్ డ్రాయింగ్ అంటారు. నేను బాల్‌పెన్‌తో గీసేవాణ్ని. రబ్బరు వాడే వీలుండదు కాబట్టి గీసే ముందే కన్ను సరిగ్గా చూస్తుంది.

మనుషుల కోసమైతే బస్టాండ్‌కి వెళ్లండి. నిలబడి ఎదురుచూసేవాళ్లు ఎక్కువగా ఒక కాలి మీదే బరువు వేస్తారు. బరువున్న వైపు నడుము పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి వాలుతుంది. ఈ రెండు వాలు గీతలు సరిగ్గా పడ్డాయంటే, ముఖం గీయకపోయినా మనిషి అలసిపోయినట్టు తెలిసిపోతుంది. నెత్తి మీద గంప పెట్టుకున్న అమ్మను గీస్తే మెడ, నడుము, పాదం ఒక వరుసలోకి ఎలా వస్తాయో చూడండి.

ఇంట్లో ఉన్నప్పుడు చెంబు గీయండి. కంటికి సరిగ్గా సమానమైన ఎత్తులో పెడితే దాని మూతి ఒట్టి గీతలా కనిపిస్తుంది. కిందికి దించేకొద్దీ ఆ మూతి విచ్చుకుని గుండ్రమవుతుంది. నేల మీద పెట్టి నిలబడి చూస్తే దాదాపు పూర్తి గుండ్రమే. ఈ సంగతి చేతికి పట్టుబడితే తల, చేతులు, బండి చక్రం అన్నీ ఏ కోణంలోనైనా తిప్పగలరు. క్యారెక్టర్‌ను అన్ని వైపుల నుంచీ గీయడానికి పునాది ఇదే.

జనాన్ని గీసేటప్పుడు చాలామంది దూరంగా ఉన్నవాళ్లను చిన్నగా గీసి, తలలు కిందికి దించేస్తారు. చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తుంటే, మీ అంత ఎత్తున్న వాళ్లందరి తలలూ దగ్గరైనా దూరమైనా మీ కంటి గీత (మీ కంటి ఎత్తులో అడ్డంగా ఊహించుకునే గీత) దగ్గరే ఉంటాయి. దూరమయ్యేకొద్దీ పైకి జరిగేవి పాదాలు. ఇది తెలుసుకున్నాక నా మెమరీ డ్రాయింగ్ మొత్తం మారిపోయింది, నిజంగా.

వీలైతే మా పాలమూరు దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి ఒకసారి వెళ్లండి. ఊడలను కాకుండా ఊడల మధ్య ఖాళీలను గీయండి. కొలత దానంతట అదే కుదురుతుంది. నల్లగొండ వాళ్లకు పానగల్ ఉంది. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాల భంగిమలు గీసుకుంటే గంటలు గడిచిపోతాయి.

సామాన్లకు పెద్ద ఖర్చేం లేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, ఒక రఫ్ నోట్‌బుక్ చాలు. ఆ నోట్‌బుక్ పేజీలు చింపకండి. పోర్ట్‌ఫోలియో (మీరు గీసిన బొమ్మల కట్ట) అడిగే కాలేజీలు కొన్ని ఉన్నాయి. అక్కడ నీటుగా ఫ్రేమ్ కట్టిన పోర్ట్రెయిట్లతో పాటు ఈ మేకల పేజీలూ పెట్టండి, మీరు ఎలా చూస్తారో వాటిలోనే తెలుస్తుంది.

ఇక పరీక్ష హాల్లో ప్రశ్న చదవగానే పెద్ద కాగితం మీద పడకండి. రఫ్ పేజీలో అగ్గిపెట్టెంత డబ్బాలు మూడు గీసి, సీన్‌ను మూడు రకాలుగా పేర్చి చూడండి. ఒకటి ఎంచుకున్నాక ముందు కంటి గీత, తర్వాత మనుషుల వెన్ను గీతలు, ఆ తర్వాత ఒళ్లు, బట్టలు. ముఖాలు, షేడింగ్ ఆఖరి పావుగంటకు పెట్టుకోండి.