బేసిక్ ఎంతరా?

తమ్ముడు దుబాయి పోతానన్నప్పుడు నాన్న ఒక్కటే అడిగాడు: "కాగితాలు ఎవరు చదివిండ్రు?"

నాన్న 1994లో మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి పోయాడు. దిగాక చూస్తే చెప్పిన పనీ కాదు, చెప్పిన జీతమూ కాదు. అందుకే ఈసారి చదివే పని నా మీద పడింది. కోరుట్లలో మీసేవలో కూర్చుంటాను, పొద్దున లేస్తే ఫారాలే.

మొదటి ఏజెంటు భలే తియ్యగా మాట్లాడాడు. "మీవోడు టెన్త్ పాసే కద మేడం, ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టే, ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. విజిట్ వీసా మీద పంపుదాం, కంపెనీ వీసా అక్కడ మారుస్తరు." లక్షా ఇరవై వేలట. రసీదు ఇస్తారా అంటే నవ్వాడు. లైసెన్సు నంబరు తీసుకుని విదేశాంగ శాఖ వాళ్ల ఈమైగ్రేట్ సైటులో చూస్తే గడువు ఎప్పుడో తీరిపోయింది. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే కదా అన్నాను. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పీడ పోయింది.

రెండో చోట ట్రేడ్ టెస్టు పెట్టారు, హైదరాబాదులో. మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్, కానీ టెన్షన్‌తో రాత్రంతా ఇంగ్లిషు జవాబులు బట్టీ పట్టాడు. అక్కడ ఇంగ్లిషు ఊసే లేదు. స్టార్-డెల్టా స్టార్టర్ వైరింగు చేయమన్నారు, కాండ్యూట్ పైపు వంచమన్నారు. "అక్కా, పైపు కొంచెం నలిగింది" అని బస్టాండు నుంచి ఏడుపు గొంతుతో ఫోను. అయినా సెలెక్టయ్యాడు.

ఆఫర్ లెటర్ అరబిక్‌లో, ఇంగ్లిషులో, పక్కనే హిందీలో వచ్చింది. మూడో భాషగా ఎంచుకోగలిగే వాటి జాబితాలో మలయాళం, తమిళం కనిపించాయి, తెలుగు లేదు. మన ఊళ్ల నుంచి ఇంతమంది పోతున్నా!

నెలకు 1,500 దిర్హాములని వాడు గంతులేస్తున్నాడు. "బేసిక్ ఎంతరా?" అన్నాను. వాడు చూడనే లేదు. 700. మిగతాదంతా అలవెన్సులు. అక్కడ గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన ఇస్తారు, ఓవర్‌టైమూ బేసిక్ మీదే. 700 అయితే ఏడాదికి గ్రాట్యుటీ 490. మొహమాటపడకుండా బేసిక్ పెంచమని అడగమన్నాను. మూడు రోజులు నానబెట్టి 900 చేశారు. 630 అవుతుంది. పెద్ద తేడా కాదంటాడు వాడు.

రాత్రి నాన్నకు లైను లైను చదివి చెప్పాను. హిందీ గలగలా మాట్లాడతాడు కానీ చదవడం రాదు. అంతా విని, "వాపసు వచ్చే టికెట్టు ఎవరిది బిడ్డా?" అన్నాడు.

నాకు తట్టనే లేదు. మళ్లీ మొదటి పేజీ తీశాను.