బాల్ వీవిల్ నుంచి బ్లారికమ్ దాకా

ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో మా గదివాడి దగ్గర అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' ఉండేది. దాని అట్ట లోపలి చిన్నక్షరాలు చదవడం నాకు అలవాటు. పాటలన్నీ ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ రాసినవే, ఒక్క 'లవ్ బజ్' తప్ప. దాని పక్కన ఎవరో రాబీ వాన్ లీవెన్ అని ఉంది. నిర్వాణ మొట్టమొదటి సింగిల్, అంటే విడిగా వేసిన పాట, కూడా అదే. 1988 నవంబర్లో వెయ్యి కాపీలు వేశారు. అంత పేరున్న బ్యాండ్ తమది కాని పాటతో మొదలైందా, ఈ లీవెన్ ఎవరా అని అప్పట్లోనే పట్టుకుంది నాకు.

పట్టుకున్నది వదలలేదు. ఆ పాట షాకింగ్ బ్లూ అనే డచ్ బ్యాండ్‌ది. 1969లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బమ్ 'ఎట్ హోమ్'లో ఉంది. 'వీనస్' పాట కూడా అందులోనిదే. ఆడవాళ్ళ రేజర్ ప్రకటనలో మోగేదే, వింటే ఎవరైనా గుర్తుపడతారు. మొన్న ఆగస్టులో అక్కావాళ్ళింటికి నెదర్లాండ్స్‌లోని అమ్‌స్టెల్వీన్ వెళ్ళినప్పుడు, ఈ రికార్డు పుట్టిన ఊళ్ళు చూసి రావాల్సిందేనని ముందే అనుకున్నాను. అక్క ఏమీ అనలేదు. బావే అన్నాడు, "పవనచక్కీలు చూపిద్దామని సెలవు పెట్టాను రా, నువ్వు ఆల్బమ్ చూస్తానంటావేంటి?"

మొదటి రోజు ఒక్కణ్ణే ది హేగ్ వెళ్ళాను. ఆమ్‌స్టర్‌డామ్ జౌద్ స్టేషన్‌లో ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం. అంతా బాగానే ఉంది గాని అది సోమవారం. ఆ దేశంలో చాలా దుకాణాలు సోమవారం మధ్యాహ్నం దాకా తెరవరు. అక్కకి తెలుసు, నేను అడగలేదు. పాత రికార్డుల షాపు తలుపు మీద ఒంటిగంటకని రాసి ఉంది. అప్పుడు టైము పది.

చేసేదేం లేక ట్రామ్ ఎక్కి హాగ్సె మార్క్‌ట్‌కి పోయాను. అది సోమవారం కూడా ఉంటుంది. పెద్ద సంత, మన ఆదివారం అంగడిని పదింతలు చేసినట్టు ఉంది. చేపలు, బట్టలు, కొత్తిమీర కట్టలు. అక్కడ దక్షిణ అమెరికాలోని సూరినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీల కొట్టులో రొట్టె తిన్నాను. లోపల పప్పు పొడి కూరి కాల్చిన రొట్టె. పూర్ణంలో బెల్లం వేయడం మరిచిపోయిన బొబ్బట్టు అనుకోండి. పక్కన కోడికూర, బంగాళాదుంప, ఇంకా అలసంద కాయల వేపుడు. డచ్ దేశంలో అలసంద కాయలు! కొట్టామె నన్ను చూసి, వాళ్ళ పూర్వీకులు కలకత్తాలో ఓడ ఎక్కారని చెప్పింది. 1873లో లల్లా రూఖ్ అనే ఓడతో మొదలైంది ఆ వలస, సూరినామ్ చెరుకు తోటలకి. ఆ దేశానికి డచ్చివాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చిన 1975 ప్రాంతంలో వేలమంది ఇటు, నెదర్లాండ్స్‌కి వచ్చారు. ది హేగ్‌లోనే ఎక్కువమంది స్థిరపడ్డారు. కలకత్తా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఒంటిగంటకి షాపు తెరిచారు. యజమాని తలంతా నెరిసిన మనిషి. నేను "వాన్ లీవెన్" అనగానే నవ్వి "లేవెన్" అని సరిదిద్దాడు. ఇరవై ఏళ్ళుగా తప్పు పలుకుతున్నానన్నమాట. షాకింగ్ బ్లూ పెట్టె చూపించాడు. పింక్ ఎలిఫెంట్ కంపెనీ వేసిన అసలు 'ఎట్ హోమ్' ఉంది. ధర చూసి జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఈమధ్య మళ్ళీ అచ్చు వేసిన కాపీ కొన్నాను.

ఆయనకి పని లేదు, నాకు తొందర లేదు. ఇద్దరం ఆ బ్యాండ్ కథ మాట్లాడుకున్నాం. ఇది ఈ ఊరి బ్యాండే. మోషన్స్ అనే బ్యాండ్ వదిలేసి వచ్చిన రాబీ వాన్ లేవెన్ 1967లో పెట్టాడు. గిటార్ ఆయనదే, పాటలు రాసేదీ ఆయనే. బేస్ క్లాషె వాన్ డెర్ వాల్, డ్రమ్స్ కోర్ వాన్ డెర్ బేక్. మొదటి ఆల్బమ్‌లో గాయకుడు ఫ్రెడ్ డి విల్డె. 1968లో ఈ ఊరి మరో బ్యాండ్ గోల్డెన్ ఇయరింగ్ పాట మొదటిసారి నంబర్ వన్ అయిందని విందు పెట్టుకున్నారు. అక్కడ బంబుల్ బీస్ అనే చిన్న బృందంలో పాడుతున్న అమ్మాయి షాకింగ్ బ్లూ మనుషుల కంట పడింది. ఆమే మారిస్కా వేరెష్. తండ్రి లాయోష్ హంగరీ నుంచి వచ్చిన రోమా (జిప్సీ) వయొలినిస్టు. ఫ్రెడ్ పోయి ఆమె వచ్చింది. కాబట్టి లెక్కకి రెండో ఆల్బమే గాని, నిజానికి అది వేరే బ్యాండ్ మొదటి ఆల్బమ్. నా వరకు అంతే. మొదటిది నేను రెండుసార్లు విన్నాను, మూడోసారి వినను.

మారిస్కా అంటే జనానికి గుర్తుండేది నల్లటి విగ్గు, కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక. ఎవరినో శపించడానికి వచ్చినట్టు కదలకుండా నిలబడి పాడుతుంది. గొంతు మాత్రం ఖంగుమంటుంది. 'వీనస్' మొదటి వాక్యంలో దేవత అనే ఇంగ్లీషు మాట 'గాడెస్' రావాలి. వాన్ లేవెన్ కాగితం మీద అచ్చు తప్పు పడింది, 'గాడ్‌నెస్' అని. ఆమె ఉన్నది ఉన్నట్టు పాడేసింది. రికార్డింగ్‌లో అలాగే ఉండిపోయింది. ఆ తప్పుతోనే పాట 1970 ఫిబ్రవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. డచ్ బ్యాండ్ ఆ మెట్టు ఎక్కడం అదే మొదటిసారి. 1986లో బనానరామా మళ్ళీ పాడి మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళారు. ఆ ట్యూన్ కూడా పూర్తిగా వాన్ లేవెన్ సొంతం కాదు. 1963లో బిగ్ త్రీ అనే అమెరికన్ బృందం పాడిన బాంజో పాట విని చూడండి, మీకే తెలుస్తుంది.

శనివారం బావ కూడా వస్తానన్నాడు. ఈసారి బ్లారికమ్. 'ఎట్ హోమ్' రికార్డింగ్ జరిగిన సౌండ్‌పుష్ స్టూడియో ఆ పల్లెలోనే ఉండేది. హిల్వర్సుమ్ దాకా రైలు, అక్కణ్ణుంచి సైకిళ్ళు. బావ కార్డు మీద రెండు సైకిళ్ళు ఇచ్చారు. ఆ సైకిలుకి చేతి బ్రేకు లేదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. చిన్నప్పట్నుంచి నాకు సైకిలు మీద ఊరికే పెడల్ వెనక్కి తిప్పే అలవాటు. మొదటి కూడలిలో అలాగే తిప్పాను. సైకిలు ఆగిపోయింది, నేను ఆగలేదు. వెనక వస్తున్న ఓ ముసలావిడ గంట కొట్టి, నన్ను చుట్టుకుని వెళ్ళిపోయింది. బావ రోడ్డు పక్కన కూర్చుని నవ్వాడు, చాలాసేపు.

హిల్వర్సుమ్ రేడియో, టీవీల ఊరు. అక్కడి 'బేల్డ్ ఎన్ ఖెలౌద్' భవనం బయటి గోడలు రంగురంగుల గాజు పలకలు. దగ్గరికెళ్తే అందులో పాత టీవీ కార్యక్రమాల బొమ్మలు కనబడతాయి. ఆ దేశపు రేడియో టీవీ రికార్డింగులు దాచే చోటు అదే, దాచేదంతా నేల కింది అంతస్తుల్లో. బావకి అది బాగా నచ్చింది. నాకు పైనుంచి ఆ లోతులోకి తొంగి చూస్తే బావిలోకి చూసినట్టు కళ్ళు తిరిగాయి.

అక్కణ్ణుంచి బీడుభూముల మీదుగా లారెన్, బ్లారికమ్. ఆగస్టు చివర ఆ బీళ్ళంతా హెదర్ పూలతో ఊదారంగులో ఉంటాయి. ఎదురుగాలి. చెవుల్లో 'ఎట్ హోమ్' పెట్టుకున్నాను. అప్పుడు తట్టింది నాకు, ఇంతకాలం ఎందుకు తట్టలేదో. ఆల్బమ్ పేరు 'ఇంట్లో'. అందులో ఇంటిది ఒక్కటీ లేదు! పదకొండు పాటలూ చూడండి. మొదటి పాట పేరు 'బాల్ వీవిల్'. అది అమెరికా దక్షిణాదిన పత్తికాయ తొలిచే ముక్కుపురుగు. ఇంకోటి కాలిఫోర్నియా వస్తున్నానంటుంది. 'అక్కా రాగా' అయితే కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్ అనే సంగీతకారుడిది. ఆయన లండన్ వెళ్ళి జాజ్‌నీ మన రాగాలనీ కలిపి కట్టిన పాట అది. దాన్ని ది హేగ్ కుర్రాళ్ళు మళ్ళీ వాయించారు. సితార్ వాయించింది వాన్ లేవెనే. మన పెద్దలు వింటే చెవులు మూసుకుంటారేమో గాని, ఆ సితార్‌లో భక్తీ లేదు, గొప్పకోసం పెట్టినట్టూ లేదు. చేతికొచ్చిన వస్తువును వాడేసినట్టు వాయించాడు. 'లవ్ బజ్' నాకు ఆల్బమ్ అంతటికీ మంచి పాట. 'వీనస్' కంటే మంచిది. ఈ మాట రికార్డు షాపాయనతో అంటే ఆయన చేతిలో డబ్బా మూత టక్కున పెట్టేశాడు.

పత్తి అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఈ డచ్చివాళ్ళు మూడు వందల ఏళ్ళ కిందట మన బందరులో కూర్చుని నూలు బట్ట ఓడలకెత్తుకుపోయారు. ఇప్పటికీ అక్కడ వాళ్ళ సమాధులున్నాయి. పత్తిపురుగు మీద పాట కట్టాలంటే అమెరికా దాకా ఎందుకు, మా గుంటూరు వస్తే చాలదా అన్నాను బావతో. బావ గాలికి వినపడలేదన్నాడు.

బ్లారికమ్‌లో పెద్ద పెద్ద ఇళ్ళు, వాటికి గడ్డి కప్పులు. మా ఊళ్ళో గడ్డి కప్పు పేదవాడి ఇల్లు. ఇక్కడ కోటీశ్వరుడిది. సందులన్నీ నిశ్శబ్దం. స్టూడియో జాడ ఎక్కడా నాకు కనపడలేదు, ఒక పలకా లేదు, బొమ్మా లేదు. కాఫీ తాగిన చోట అడిగితే, అక్కడి కుర్రాడు షాకింగ్ బ్లూ పేరు విన్నాడట, రేజర్ ప్రకటన పాట కదా అన్నాడు. నాకు పెద్దగా నిరాశ అనిపించలేదు. ఇంత నిశ్శబ్దమైన ఊళ్ళో తలుపులేసుకుని, సెస్ స్క్రామా అనే ఆయన ఎలక్ట్రిక్ పియానో వాయిస్తుంటే, మారిస్కా కాగితంలోని తప్పును తప్పుగానే అందుకుని పాడిందని ఊహించుకుంటే నవ్వొచ్చింది. బ్యాండ్ 1974కల్లా విడిపోయింది. మారిస్కా 2006 డిసెంబర్లో క్యాన్సర్‌తో పోయింది, యాభై తొమ్మిదేళ్ళకి.

తిరుగు రైల్లో బావ ఒక చెవి స్పీకర్ తీసుకుని మొదట్నుంచి విన్నాడు. 'అక్కా రాగా' దగ్గర కళ్ళెగరేసి, "మీ అక్కకి పంపించు, తన పేరు మీద పాటుందని చెప్పు" అన్నాడు.

రాత్రి నాన్నకి వీడియో కాల్ చేశాను. ఎక్కడికెళ్ళారంటే బావ అందుకుని, పత్తిపురుగు మీద పాట కట్టినవాళ్ళ ఊరికి వెళ్ళామని చెప్పాడు.

"ఏ పురుగు, శనగపచ్చదా? గులాబీదా?"

అది మన దగ్గర ఉండదు నాన్నా, అమెరికాది, దాని మీద అక్కడ పాత జానపదాలు చాలా ఉన్నాయి, వాటిల్లో ఆ పురుగు ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంటుంది అన్నాను.

నాన్న కాసేపు ఫోన్లోకి చూసి అన్నాడు, "ఇల్లు వెతుక్కోవడమేంట్రా, చేనంతా దానిదే కదా."