ఆయిల్ పంపు, ఆటోనగర్ మేస్త్రి

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు. నా మినీ కారు చిట్టి కోసం తెప్పించిన ఆయిల్ పంపు వంటింటి బల్ల మీద ఉంది. అది తప్పు పంపు.

ఫోనులో రెండుసార్లు చెప్పాను. నా కామ్‌షాఫ్ట్‌కు, అంటే ఇంజను కవాటాలను తెరిచే ఇరుసుకు, వెనుక చివర గాడి ఉంది, పంపుకు ఆ గాడిలో కూర్చునే నాలుక ఉండాలి అని. వచ్చింది పాతకాలపు పిన్ను రకం. మినీలో పంపును తిప్పేది కామ్‌షాఫ్టే. ఆ రెండూ కలవకపోతే ఇంజనుకు ఆయిల్ అందదు. ఇవాళ మళ్ళీ ఫోను చేస్తే దుకాణం అతను "అన్నీ ఒకే కుటుంబం ఇంజన్లు కదా, సరిపోతుంది" అన్నాడు. ఎందుకు సరిపోదో విడమరచి చెప్పాను. అంతా విని, "ఒకసారి మీ వారికి ఫోను ఇస్తారా?" అని అడిగాడు. మావారికి చిట్టిలో ఆయిల్ చూసే కడ్డీ ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఇంజను దింపింది నేను, హెడ్డు విప్పింది నేను. సాయంత్రం నుంచి ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. అన్నం కూడా సరిగా తినలేదు.

ఉదయం మంచి కబురే వచ్చింది, బ్లాకులో పగుళ్ళు లేవట. సంతోషించే తీరిక దొరకలేదు.

సిలిండర్ల బోరు, అంటే లోపలి వెడల్పు, ఎంత చేయాలో లేత్ వర్క్‌షాపుకు రేపు చెప్పాలి. మూడు వారాలుగా ఇక్కడ నేను రాస్తున్నదేమిటో మీకు తెలుసు: 73.5 మిల్లీమీటర్ల పిస్టన్లు వేసి 1275 సీసీని 1380 చేయడం, దానికి తగ్గ రేసు కామ్‌షాఫ్ట్ పెట్టడం. పంపు మీద కోపంతో కూర్చుంటే మేస్త్రి గుర్తొచ్చాడు.

విజయవాడ ఆటోనగర్, వేసవి సెలవులు. నాన్న అంబాసిడర్ ఇంజను విప్పేశారు. రేకుల నీడలో స్టూలు మీద నేను, చేతిలో సోడా. మేస్త్రి అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, కవాటాలను కదిలించే పుష్‌రాడ్లను వరుసగా గుచ్చి, ఒక్కోదాని పక్కన సుద్దముక్కతో అంకె వేశాడు. ఏది ఎక్కడిదో అక్కడికే వెళ్ళాలి, పాపా, అన్నాడు. ఆ ఇంజనూ మినీని చేసిన బ్రిటిష్ కంపెనీ బీఎంసీదే, బీ సిరీస్. మినీది ఏ సిరీస్. అక్కాచెల్లెళ్ళు. రెండింటిలోనూ నాలుగు సిలిండర్లకు గాలి లోపలికి వచ్చే గుమ్మాలు రెండే, పొగ బయటికి పోయేవి మూడు. ఏళ్ళ తర్వాత ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో చిట్టి హెడ్డు మొదటిసారి విప్పినప్పుడు చుట్టాన్ని చూసినట్టు అనిపించింది.

నాన్నకు ఘాట్ మీద లాగుడు పెరగాలి. మేస్త్రి, "ఏడాదికి ఎన్నిసార్లు ఘాట్ ఎక్కుతారు సార్?" అని అడిగాడు. ఒకసారి. మిగతా రోజులు? ఆఫీసు, బజారు. "అయితే ముందు ఆయిల్ పంపు, బేరింగులు మారుద్దాం సార్. లాగుడు సంగతి తర్వాత." నాన్న ఇంటికి వచ్చేదాకా సణుగుతూనే ఉన్నారు. ఆ దసరాకు ఆరుగురం ఎక్కి కూర్చుంటే దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కింది. సగం దారిలో నాన్న రేడియేటర్ చూద్దామని దిగబోయి, అవసరం లేదని మళ్ళీ కూర్చున్నారు.

చిట్టి ఏడాదికి నాలుగు రోజులు మాలరీ పార్క్ ట్రాక్ మీద తిరుగుతుంది. అక్కడికి రానూపోనూ మామూలు రోడ్డే. రేసు కామ్‌షాఫ్ట్ వేస్తే తక్కువ వేగంలో ఇంజను సరిగా లాగదు. బోరు పెంచితే మధ్య రెండు సిలిండర్ల నడుమ గోడ ఇంకా పలచబడుతుంది, గాస్కెట్ కాలేది అక్కడే. పైగా పోయిన శరదృతువులో ఆ ట్రాక్ మీది జెరార్డ్స్ వంపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోవడం కళ్ళారా చూశాను. అంత పొడవైన వంపులో ఆయిల్ అంతా ఒక పక్కకు పోతే, పీల్చే గొట్టానికి గాలే మిగులుతుంది. గేరుబాక్సుకూ ఆ ఆయిలే. దాన్ని వదిలేసి మూడు వారాలుగా హార్స్‌పవర్ గుర్రాలు లెక్కపెడుతున్నాను! 1964లో పాడీ హాప్‌కిర్క్ మాంటీ కార్లో ర్యాలీ గెలిచిన మినీ కూపర్ ఎస్ ఇంజను కూడా 1071 సీసీయే.

20 ఓవర్‌సైజు (అంగుళంలో వెయ్యో వంతులు 20 ఎక్కువ) పిస్టన్లు చాలు, 1293 సీసీ అవుతుంది. మధ్యస్థమైన కామ్‌షాఫ్ట్. మిగిలిన డబ్బు మధ్యలోంచి ఆయిల్ పీల్చే గొట్టానికి, ఆయిల్ కూలరుకు.

ఇది రాశాక కూడా 1380 మీద మనసు లాగుతోంది. హెయిర్‌పిన్ దాటి గేరు మార్చేటప్పుడు ఎలా ఉండేదో... వద్దు. పొద్దున తొమ్మిదికి ఫోను చేసి 20 అనే చెబుతాను.

పంపును తిరిగి డబ్బాలో పెట్టాలి. పోస్టు ఖర్చు నాదేనట.